బలపం తిన్న బుద్ధిమంతురాలు

మా మనవరాలికి నాలుగేళ్లు నిండకముందే ఒక బిరుదు వచ్చింది. బడి గేటు పక్కన బోర్డు మీద దాని ఫోటో పెట్టి, కింద ‘మంచి క్రమశిక్షణ’ అని ఇంగ్లీషులో రాశారు. మా కొడుకు చదివి చెప్పాడు. పొద్దున కూర్చోబెడితే మధ్యాహ్నం దాకా కూర్చున్నచోటి నుంచి కదలదట. ఏడవదట. పక్క పిల్ల పెన్సిల్ గుంజుకున్నా ఊరుకుంటుందట. నాలుగేళ్ల పిల్ల అట్లా కూర్చుంటే మెచ్చుకోవాలా, భయపడాలా అని ఆ బోర్డు ముందు నిలబడి ఒక్కరమూ అనుకోలేదు. నేనూ మురిసిపోయాను. అందుకే ఇందులో నేను ఎవరిని ఎద్దేవా చేసినా మొదటి దెబ్బ నాకే తగలాలి.

అంతకుముందు ఏడాది అది మా వాడకట్టు అంగన్‌వాడీకి పోయేది. నేను తీసుకుపోయి, తిరిగి రాకుండా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. టీచరమ్మ పిల్లలకు అక్షరాలు చెబుతుంటే నా వేలు నేల మీద తనంతట తనే కదిలేది. ఒకరోజు ఆమె చూసింది. “ఊకె కూసునుడెందుకు పెద్దమ్మా, రాయి” అని పలకా బలపమూ నా ఒళ్లో పెట్టింది. అట్లా యాభై మూడో ఏట నా చదువు మొదలైంది. “ఏందక్కా, కలెక్టర్ కొలువు కొడ్తవా?” అని వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. వేలిముద్ర వేయించుకున్నవాడు మన వేలు తుడుచుకోవడానికి గుడ్డ ముక్క కూడా ఇవ్వడని వాళ్లకు తెలియదు.

ఆ అంగన్‌వాడీలో గుడ్డు పెట్టేవాళ్లు. పిల్లను తూకం వేసి కార్డులో చుక్క పెట్టేవాళ్లు. నులిపురుగుల మాత్ర మింగించేవాళ్లు. ఇవన్నీ మా కొడుకుకు నామోషీ అనిపించాయి. పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం వాడిది.

“గుడ్డు కోసం పిల్లను తోలుతున్నవా అని నా దోస్తులు నవ్వుతున్నరే అవ్వా. మన ఇంట్ల గుడ్లు లేవా?” అన్నాడు.

గుడ్లు ఉన్నాయి. కూర్చోబెట్టి తినిపించే ఓపికే లేదు. పిల్లను ప్రైవేటు బడిలో వేశారు. టై వచ్చింది, బెల్టు వచ్చింది, మోకాళ్ల దాకా సాక్సులు వచ్చాయి. డబ్బాలో గుడ్డు పెడతానంటే, ఇంట్లో జాకెట్లు కుట్టే మా కోడలు మిషను ఆపకుండానే అంది: “వాసనొస్తది అత్తమ్మా. పక్క పిల్లలు ముక్కు మూసుకుంటరు.” అందుకని డబ్బాలో బిస్కెట్లు. పొద్దున చాయ్‌లో బిస్కెట్, బడి నుంచి వచ్చాక చాయ్‌లో బిస్కెట్. అన్నం ముందు పెడితే మొహం తిప్పుకునేది. మెడకు కట్టేది వచ్చింది, కడుపులోకి పోయేది పోయింది. దీన్నే మా ఇంట్లో ఎదుగుదల అన్నారు.

పిల్ల అంగన్‌వాడీ మానినా నేను పలక మానలేదు. గుణింతాలు దాటి ఒత్తులకు వచ్చాను. మా సందు మొదట్లో కిరాణా దుకాణం నడిపే ముసలాయనను అందరం చాచా అంటాం. బలపాలు ఆయన దగ్గరే కొనేదాన్ని. ఒకరోజు డబ్బా అడిగితే ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

“ఏంది చెల్లె, డిగ్రీ దాకా పోయినవా? నెల తిరగలే, గిది మూడో డబ్బా.”

“చెయ్యి ఆగుతలేదు చాచా” అన్నాను గొప్పగా.

“నువ్వే నయం. నా దగ్గర బలపాలు కొనెటోళ్లల్ల రాసెటోళ్లు తక్కువ, తినెటోళ్లు ఎక్కువ. కడుపుతోని ఉన్న ఆడిపిల్లలు పొట్లాలు కట్టిచ్చుకపోతరు.”

నవ్వుతూ డబ్బా పట్టుకుని నాలుగు అడుగులు వేశాను. ఐదో అడుగు పడలేదు. నేను ఒక్క బలపాన్ని వేళ్ల మధ్య నిలవనంత చిన్నదయ్యేదాకా రాస్తాను. మూడు డబ్బాలు ఎవరు రాశారు?

ఆ సాయంత్రం పలక పక్కన పెట్టి, నిద్రపోయినట్టు పడుకున్నాను. బడి నుంచి వచ్చిన పిల్ల, టై కూడా విప్పకుండా, తలుపు చాటున జాకెట్ల పీలికల మూట మీద కూర్చుంది. కాసేపటికి కరకరమని చప్పుడు. పోయి నోరు తెరిపించాను. నాలుక మీద పిండి, పెదవుల మీద పిండి. కొంగుతో తుడిచాను. పిండి పోయింది. తెలుపు పోలేదు.

“మంచిగున్నది నాయినమ్మా, నీగ్గూడ ఇస్త” అని కొరికిన సగం ముక్క నా చేతిలో పెట్టింది.

ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. కోడలి తల్లి చేర్యాల నుంచి వచ్చి ఆ వారం మా ఇంట్లోనే ఉంది. “నీ కోడలు నా కడుపుల ఉన్నప్పుడు నేను డబ్బాలకు డబ్బాలు తిన్న వదినా. నాకేమైంది?” అంది.

“నీకేమైందో నువ్వు చెప్తె ఎట్ల వదినా, సూసెటోళ్లు చెప్పాలె” అన్నాను.

ఆమె మూతి ముడిచి, పిల్ల గదువ పట్టుకుని వెలుగుకు తిప్పింది. “ఊకె బుగులువడుతవు. సూడు, పిల్లకు రంగు దేలింది. బడికి పోవట్టినంక ఎంత తెల్లగైందో!”

ఒంట్లో రక్తం లేని పిల్లను చూసి తెల్లబడిందని సంబరపడ్డ ఇల్లు మాది. కోడలు తలూపింది. కొడుకు “బడిల మంచిగుందనే అంటున్నరు గదా” అని ఫోను వైపు తిరిగాడు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. ఆ ఘాటుకు కూడా పిల్ల లేచి పారిపోలేదు, కూర్చునే దగ్గింది.

మర్నాడు నేను దాన్ని బడికి కాక దవాఖానకు తీసుకుపోయాను. సందు దాటకముందే ఎత్తుకోమంది. కోడలు వెనకాలే ఉరికి వచ్చింది. “ఒక్కదినం గూడ ఆబ్సెంట్ లేదు అత్తమ్మా, హాజరు పోతది!”

“పిల్ల పోతె హాజరు ఎవలకేస్తరే?” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. కోడలు మా వెంటే దవాఖానకు వచ్చింది.

డాక్టరమ్మ పిల్ల కింది రెప్ప గుంజి చూసింది. గోళ్లు చూసింది.

“మట్టి తింటదా, బలపం తింటదా?”

కోడలు నేల చూసింది. “బలపం మేడం.”

“చాయ్ తాగుతదా?”

“తాగది మేడం, బిస్కెట్ ముంచుకుంటది గంతే.”

“ముంచిన చాయ్ ఎటువోతదమ్మా?”

రక్తపరీక్ష చేయించి, రక్తం చాలా తక్కువ ఉందనీ, బలపం మీదికి మనసు పోయేది అందుకేననీ అన్నారు. పొట్టలో నులిపురుగులూ ఉండొచ్చని మాత్ర ఇచ్చారు, రక్తం పెరగడానికి మందునీళ్ల సీసా ఇచ్చారు. చాయ్‌తో, పాలతో ఆ మందు వేయొద్దనీ, నెలల తరబడి మానకుండా వేయాలనీ డాక్టరమ్మ చెప్పింది. “తెలుగుల రాసియ్యి బిడ్డా” అని అడిగాను. రాసి ఇచ్చింది.

మందు మొదలుపెట్టిన నాలుగో రోజే ఇంట్లో గగ్గోలు. పిల్ల దొడ్డికి నల్లగా పోతోంది. తర్వాత ముందుపళ్ల మీద నల్ల చార. బడిలో వార్షికోత్సవం వస్తోంది, పిల్లను పువ్వు వేషంలో మధ్యలో నిలబెడతారట. పువ్వుకు నల్లపళ్లా? కోడలు సీసాను సజ్జ మీద బట్టల వెనక దాచింది.

నేను సీసా తీసి, డాక్టరమ్మ కాగితాన్ని కుట్టుమిషను ఎదుటి గోడకు అన్నం మెతుకులతో అతికించాను. దొడ్డికి నల్లగా పోతే భయపడొద్దని, మందు వేశాక నోరు కడిగించాలని అందులోనే ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను. కోడలు మిషను ఆపింది, కొడుకు ఫోను పక్కన పెట్టాడు. నేను నోటితో చెబితే చాదస్తం, గోడ మీది నుంచి చదివితే నిజం. చదువుకున్న కొడుకూ కోడలూ అంతకుముందు ఆ కాగితాన్ని విప్పి కూడా చూడలేదు.

వార్షికోత్సవంలో మా పువ్వు నల్లపళ్లతోనే నవ్వింది. గుడ్డు మళ్లీ డబ్బాలోకి వచ్చింది. చాయ్ ఆగింది. మూడు నెలలకు పెదవులకు రంగు వచ్చింది, వియ్యపురాలు మెచ్చుకున్న తెలుపు పోయింది. పిల్ల జాకెట్ల మూట మీది నుంచి దూకడం మొదలుపెట్టింది. బడిలో, తన పెన్సిల్ గుంజుకున్న పక్క పిల్ల చెయ్యి కొరికింది.

బోర్డు మీది ఫోటో తీసేశారు. గేటు దగ్గర టీచరు నన్ను ఆపింది. “ఏందమ్మా, ఇంతకుముందు ఎంత మంచిగుండె! ఇప్పుడు ఒక్క తాన కూసుంటలేదు. డైరీల రాసిన, ఇంట్ల సంతకం పెట్టియ్యుండ్రి.”

ఆ సంతకం కొడుకును అడగలేదు. డైరీ నేనే తీసుకుని, ఆమె ఇంగ్లీషు రాత కింద తెలుగులో రాశాను: ‘మా పిల్లకు రక్తం పట్టింది. ఇక కూర్చోదు.’ కింద నా పేరు పెట్టాను. పెన్నుతోనే రాశాను. మా ఇంట్లో ఇప్పుడు బలపాలు లేవు.