మంచు మీద వంటావార్పు

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న ఆ రోజుల్లో, మా వైపు రోడ్డు ప్రయాణానికి తక్కువ, కూర్చోవడానికి ఎక్కువ పనికొచ్చేది. ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు నడిరోడ్డు మీదే పొయ్యి పెట్టి వచ్చినవాళ్లందరికీ వడ్డించే వంటావార్పు. నేను టేకుమట్ల బడిలో బీఈడీ శిక్షణ పాఠాలు చెబుతున్నాను. మార్కులు వేయడానికి వచ్చే మా లెక్చరర్‌ను రికార్డుల సారు అనేవాళ్లం (పాఠం వినడం కన్నా నోటుబుక్కు మార్జిన్ కొలవడం ఆయనకు ఇష్టం). మొదటి పాఠంలో నన్ను ఫెయిల్ చేశారు. రెండోదీ పోతే ఇంకో ఏడాది చదవాలి. నాన్నకు ఆ సంగతి చెప్పే బాధ్యత కూడా నాదే.

అందుకే కొత్త పద్ధతి పట్టాను. నేను చదువుతుంటే పిల్లలు కళ్లు మూసుకుని కథను బొమ్మలా చూడాలి. అలా చూసింది బాగా అర్థమవుతుందని మా పుస్తకంలో ఉంది (ఏం చూస్తారో లేదు). కథ, మంచు కురిసి కొండదారిలో మూడు రోజులు చిక్కుకుపోయిన ప్రయాణికులది. రికార్డుల సారు బస్సును దారిలో వంటావార్పు ఆపేసిందట. ఎండలో నడిచొచ్చి వెనక బెంచీలో కూలబడ్డారు. నేను చదివాను. ఆరో తరగతి మొత్తం కళ్లు మూసుకుంది. ఇద్దరు మరీ శ్రద్ధగా నిద్రపోయారు.

సారు లేచి, "మూడు రోజులు వాళ్లేం చేశారు?" అన్నారు. ఊరేగింపుల్లో నినాదాలిచ్చే పిల్ల ఒకతె ఉండేది, అందరూ లీడరమ్మ అనేవారు. ఆమె లేచింది. "రోడ్డు మీదనే అన్నం వండుకున్నరు సార్. ఆడోళ్లు బతుకమ్మ ఆడిండ్రు."

"పుస్తకంలో ఉన్నవి ఎండు రొట్టెలు కదమ్మా."

"రొట్టెలు గూడ ఉన్నయి సార్. పప్పుల అద్దుకున్నరు."

"మరి మంచు ఏది?"

"గది రోడ్డుకు అడ్డం కూసున్నది సార్. లెవ్వుమంటె లేస్తలేదు."

సారు నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. "మా సారే కండ్లు మూసి చూడుమన్నడు," అని లీడరమ్మ నన్ను కాపాడబోయింది.

ఆయన చివరి ప్రశ్న వేశారు. "అంత కష్టంలోనూ వాళ్లు ఎందుకు పోట్లాడుకోలేదు?" ఇది పుస్తకంలో సూటిగా ఉండదు, ఆలోచించి చెప్పాలి. నా ఏడాది దాని మీద ఆగింది. లీడరమ్మ మళ్లీ కళ్లు మూసుకుని తెరిచింది. "ఒక్క గంజుల వండిన అన్నం తిన్నంక కొట్లాట ఎట్లొస్తది సార్? మీకు గూడ పెట్టినట్టున్నరు గద తొవ్వల. మీసాలకు పప్పున్నది."

సారు మీసాలు తుడుచుకున్నారు. మార్జిన్ కొలవకుండానే పాస్ చేసి, కింద ఇలా రాశారు: 'పిల్లలకు పాఠం అర్థమైంది. ఉపాధ్యాయునికి కూడా త్వరలో అర్థం కాగలదు.'

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతూనే ఉన్నాను. ఆయన రాసిన ఆ 'త్వరలో' కోసం ఇంకా చూస్తున్నాను.