గులాబీ మేత

ఆయన ఇంటి దండెం మీద తెల్లగుడ్డ ఒక్కటీ కనిపించేది కాదు. బనీన్లు, తువ్వాళ్లు, చివరికి దిండు గలేబు కూడా లేత గులాబీలోకి తిరిగిపోయాయి. జూలో ఫ్లెమింగోలకు మేత కలిపే మనిషి ఆయన. పొద్దున్నే నానబెట్టిన మేతలో ఎర్ర పొడి వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టి పిసికేవాడు. ఆ రంగు గోళ్ల సందుల్లో దూరి, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకునేది. జూలో అందరికీ ఆయన గులాబీ బాబాయ్. అసలు పేరు జీతాల గుమాస్తాకి మాత్రమే తెలుసు, అదీ జీతం రోజున.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. మా ఆవిడ ఉద్యోగం పగలు, నా సైన్సు ట్యూషన్లు సాయంత్రం. కాబట్టి పొద్దుటిపూట పాప నా పూచీ. అది తుమ్మితే నా గుండె ఆగేది. నలుగురు చేరిన చోట ఎవరి దగ్గు ఎటు ఎగురుతుందోనని ఎక్కడికీ తీసుకెళ్లేవాణ్ణి కాదు. గేటు తీసే వేళ జూ ఖాళీగా ఉంటుంది. ఆ చివర ఫ్లెమింగోల మడుగు దగ్గర ఇంకా ఖాళీ. నాకు ధైర్యం చాలిన షికారు అదొక్కటే.

"అంత దూరంగా నిలబడ్డారేంటి? కరవవు లెండి" అన్నాడు మొదటిరోజు.

"పక్షుల నుంచి జబ్బులు వస్తాయి కదా..."

"మిమ్మల్ని చూస్తే జబ్బులే పారిపోయేట్టున్నాయి. ముందు ఆ ఉన్ని టోపీ తియ్యండి మాస్టారూ, పిల్ల ఉడికిపోతోంది!"

తీశాను. పాప ఆయన వేళ్లకేసి చూసి నవ్వింది.

ఒకప్పుడు ఆయన సినిమా హాళ్లకు పెద్ద బొమ్మలు వేసేవాడట. అచ్చు బొమ్మలు వచ్చాక ఆ పని పోయింది. జూ బోర్డుల మీద జంతువుల బొమ్మలు వెయ్యడానికి వచ్చి, ఫ్లెమింగో దగ్గరికి వచ్చేసరికి ఆ గులాబీ కుదరక రోజుల తరబడి మడుగు దగ్గరే కూర్చున్నాడు. అప్పుడే పాత మేతమనిషి మంచాన పడ్డాడు. "రెండ్రోజులు కాస్త మేత వెయ్యవయ్యా" అన్నారు. ఆ రెండ్రోజులు ఇరవయ్యేళ్లయ్యాయి. ఆ మధ్యలోనే భార్య పోయింది. పిల్లల్లేరు. జూ గోడ వెనకాల ఒక గది, ఒక బీరువా, ఒక స్టవ్వు మిగిలాయి.

"ఈ పొడి మానేస్తే ఏమవుతుంది?" అనడిగాను ఓ రోజు.

"తెల్లబడతాయి. పుట్టుకతో వచ్చిన రంగు కాదండీ ఇది. తిన్న రంగు."

క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థానికి ఇది దగ్గర చుట్టమేననీ, ఉప్పునీటి సరస్సుల్లో అయితే నాచులోంచి, చిన్న చిన్న రొయ్యల్లోంచి వీటికి దొరుకుతుందనీ చెప్పాను. ఆయన చెయ్యి ఆపి విన్నాడు.

"అలాగా! నేనింకా వీటికి రోజూ రెండో పూత వేస్తున్నాననుకున్నాను."

అయితే ఆయనకు ఉన్న దిగులు రంగు గురించి కాదు. మడుగులో ఉన్నవి ఏడే పక్షులు. ఏళ్లు గడిచినా గుడ్డు పెట్టలేదు. గుంపు పెద్దదైతే తప్ప ఇవి జతకట్టవు. దూరాన మరో జూలో పెద్ద మంద ఉంది. గుడ్లు పెట్టే ఈ కాలంలో కూడా పిల్ల పుట్టకపోతే ఏడింటినీ అక్కడికి పంపేస్తామని సూపరింటెండెంట్ గారు చెప్పేశారు.

"వాటికి మంద కావాలట. నేను లెక్కలోకి రానట" అని నవ్వాడు. నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. ఇంటికి వెళ్తే ఆయనతో మాట్లాడేది స్టవ్వు మీద ఉడికే గిన్నె ఒక్కటే.

కొన్నిచోట్ల మడుగు చుట్టూ అద్దాలు పెడతారనీ, తమ నీడల్నే చూసి పక్షులు మంద పెద్దదనుకుంటాయనీ ఎక్కడో చదివింది చెప్పాను. వారం తిరిగేసరికి క్షౌరశాలలో తీసేసిన అద్దాలు తెచ్చి ఒడ్డున పాతాడు. వాటి మధ్య ఒక నిలువుటద్దం, చెక్క తలుపుతో సహా.

"ఇదెక్కడిది బాబాయ్?"

"మా ఆవిడ బీరువాది. ఇన్నేళ్లూ నా మొహమే చూసి చూసి విసుగెత్తి ఉంటుంది పాపం. కాస్త గాలి మార్పు."

అద్దాలు పని చేశాయి. ఏడు పక్షులూ మెడలు నిక్కించి, తలలు అటూ ఇటూ తిప్పుతూ కవాతు చేశాయి. ఒక జంట బురద పోగేసి దిబ్బ కట్టింది. దాని మీద ఒక గుడ్డు. దాంట్లోంచి బూడిదరంగు పిల్ల.

"ఏంటి బాబాయ్, గులాబీలకి బూడిద పుట్టింది?" అంది టికెట్ల అమ్మాయి.

"కాకిపిల్ల కాకికి ముద్దు. నీకేంటే మధ్యన?"

సూపరింటెండెంట్ గారు వచ్చి చూసి సంతోషించి, పక్షుల్ని ఇక్కడే ఉంచుదామన్నారు. ఆ రోజు బాబాయ్ నాకూ, టికెట్ల అమ్మాయికీ టీ ఇప్పించాడు.

తర్వాత ఒక పొద్దున నేను వెళ్లేసరికి గేటు దగ్గరే చెయ్యి పట్టుకున్నాడు. "తల్లి నోట్లోంచి నెత్తురు కారుతోంది మాస్టారూ! పిల్ల నోట్లోకే పోతోంది." ఇద్దరం పరిగెత్తాం. అప్పటికే పశువుల డాక్టరు అక్కడ నిలబడి నవ్వుతున్నాడు. నెత్తురు కాదట, పాలట. ఆడదీ మగదీ రెండూ గొంతులోంచి పాలు దించి పిల్లకు పోస్తాయి. తిన్న రంగంతా ఆ పాలలోకి దిగుతుంది కాబట్టి ఎర్రగా ఉంటుంది.

పిల్ల పెరుగుతున్నకొద్దీ ఆ జంట వెలిసిపోసాగింది. ముందు మెడ, తర్వాత వీపు. మేతలో పొడి ఏమీ తగ్గలేదు. "జనం టికెట్టు కొని తెల్ల కొంగల్ని చూడాలా?" అని టికెట్ల అమ్మాయి సణిగింది. ఆయన పట్టించుకోలేదు.

"ఒంట్లో రంగంతా పిల్లకే పోస్తున్నాయి, చూశారా" అన్నాడు. ఆపైన నన్ను ఎగాదిగా చూసి, "ఇంటికెళ్లి అద్దం చూసుకోండి మాస్టారూ. మీకూ రంగు బాగానే దిగింది" అన్నాడు.

పిల్ల దిబ్బ దిగి నడవడం నేర్చింది. నేర్చి నేరుగా బీరువా అద్దం దగ్గరికి వెళ్లింది. అందులో ఇంకో బూడిదరంగు పిల్ల. దాన్ని పిలిచేది. జవాబు కోసం ఆగేది. మళ్లీ పిలిచేది. తల్లి పిలిచినా ఆకలైతే తప్ప కదిలేది కాదు. నిద్ర కూడా ఆ అద్దానికి ఆనుకునే. ఆయన చూడలేక ఓ రోజు అద్దం మీద గోనె కప్పాడు. పిల్ల కాసేపు ఆగి, చుట్టూ తిరిగి, అద్దం వెనక్కి వెళ్లి వెతికింది.

ఆయన గోనె తీసేశాడు.

"పెద్ద మందలో పిల్లలు ఎలా ఉంటాయి?" అని అడిగాడు నన్ను.

"అన్నీ ఒకచోట చేరతాయి. ఒకటి రెండు పెద్దవి కాపలా ఉంటాయి. మిగతావి మేతకి పోతాయి."

"అంటే బడి."

"బడే."

అంతలో నిజం బడిపిల్లలే వరసగా కేకలు వేస్తూ వచ్చారు. నేను అలవాటుగా పాపను భుజానికి అదుముకుని పక్కకి జరిగాను. పాప మాత్రం నా భుజం మీదుగా నడుము దాకా వాలి, వాళ్లకేసి రెండు చేతులూ చాచింది.

"ఎక్కడికి లాక్కుపోతున్నారు? చూడనివ్వండి" అన్నాడు ఆయన. ఆ మాట నాతో అంటూ ఆయన చూసింది అద్దం దగ్గరి పిల్లనే.

మర్నాడు తనే సూపరింటెండెంట్ గారి గదికి వెళ్లాడు. పక్షుల్ని పంపెయ్యమన్నాడు.

"ఉంచుతామన్నాం కదయ్యా! నువ్వేగా కావాలన్నావ్?"

"దానికి తోటిపిల్లలు లేరండీ. అద్దం ఉంది, అంతే."

పిల్లకు రెక్కలు గట్టిపడ్డాక లారీ వచ్చింది. దారికి సరిపడా మేత ఆయనే కలిపి డబ్బాల్లో పోశాడు. పక్షులున్న ఒక్కో పెట్టె ఎక్కుతుంటే గడియ లాగి చూశాడు. "పిల్ల గులాబీ కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తొందరపడి పొడి ఎక్కువ వెయ్యొద్దని వాళ్లకి చెప్పు" అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు సరేనన్నాడు. వాళ్లకి చెప్పి ఉంటాడని నేననుకోను.

ఆయన్ని చిలకల వైపు మార్చారు. అక్కడ మేత గింజలు. వాటికి రంగుండదు.

నేను పాపను కాలనీ పార్కులో పిల్లల మధ్య దింపడం మొదలుపెట్టాను. దానికి జలుబు చేసింది, తగ్గింది కూడా. దాంతో జూకి వెళ్లడం తగ్గి, చాలా రోజుల తర్వాత, ట్యూషన్లు లేని ఓ సాయంత్రం, పాపా నేనూ ఆయన గదికి వెళ్లాం. దండెం మీద కొత్త బనీను ఉంది, తెల్లగా.

"చేతులు చూసుకుంటే ఎవరివో అనిపిస్తున్నాయి మాస్టారూ" అన్నాడు. నిజమే, గోళ్లు కూడా తేటపడ్డాయి.

నిలువుటద్దం మళ్లీ బీరువాకి ఎక్కింది. పైభాగం తళతళలాడుతోంది. కింద, మోకాలి ఎత్తున, ఎండిన బురదా ముక్కు తాకిన మరకలూ అలాగే ఉన్నాయి. అంతమేర గుడ్డ పెట్టి తుడవలేదు.

పాప పాకుతూ వెళ్లి, ఆ మరకల దగ్గర అద్దం పట్టుకుని నిలబడింది. లోపలి పాపను చూసి ఏదో అంది. జవాబు కోసం ఆగింది. ఆయన గబుక్కున లేచి, పాపను పక్కన కూచోబెట్టి, బీరువా తలుపు పూర్తిగా తెరిచి అద్దాన్ని గోడవైపు తిప్పేశాడు. నేల మీద చతికిలబడి పాపకు ఎదురుగా మొహం పెట్టాడు.

"అది కాదమ్మా. నేనున్నాగా, నాతో చెప్పు" అన్నాడు.

పాప చాలాసేపు చెప్పింది. ఆయన అన్నింటికీ ఊ కొట్టాడు.

చీకటి పడకముందే బయలుదేరాం. గుమ్మం దాటి నాలుగడుగులు వేశానో లేదో, లోపల బీరువా తలుపు కిర్రుమంది. అద్దం మళ్లీ గదివైపు తిరిగింది.