ఇరవై ఎనిమిది బెంచీలకు ఒకే పుస్తకం

జూన్ రెండో గురువారం ఉదయం 8.15కి నేను, మా ఆవిడ సరళ ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ స్టేషన్లో గేల్స్‌బర్గ్ వెళ్ళే రైలెక్కాము. మేముండే అరోరా నుంచి స్టేషను దాకా పక్కింటివారు కారులో దింపారు. డెబ్బై ఐదు దాటాక నేను హైవే మీద డ్రైవింగ్ మానేశాను. ఈ దారిన రైలే సుఖం. టికెట్టు వారం ముందు బుక్ చేసుకుంటే చవక, పెద్దవాళ్ళకు కొంత తగ్గింపు కూడా ఉంది. కుడివైపు కూర్చుంటే ఉదయపు ఎండ మీద పడదు.

గేల్స్‌బర్గ్‌లోని ఒక పాత గోదాములో పది పన్నెండుమంది రిటైరైనవాళ్ళు పనిచేస్తున్నారు. ఇక్కడి బళ్ళు వదిలేసిన పాఠ్యపుస్తకాలను ఏరి, విదేశాల్లో పుస్తకాలు సరిపోని బళ్ళకు కంటైనర్లలో పంపుతారు. ఈసారి కంటైనరు మలావికి. అక్కడి ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ ఫిరి ఫిజిక్స్ పుస్తకాలు అడిగితే, మా అరోరా తెలుగు కుటుంబాలు కలిసి ముప్పై నాలుగు సమకూర్చాయి. రెండు వారాల ముందే గోదాము వ్యాను వచ్చి పెట్టెలు తీసుకువెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కంటైనరుకు సీలు వేస్తారు. ముందు రోజే వెళ్ళి కాస్త పనిచేసి, మా పుస్తకాలు ఎక్కడం కళ్ళారా చూసి రావాలని ఈ ప్రయాణం.

నడవకు అవతలి సీటులో ఒక తెలుగమ్మాయి కూర్చుంది. షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగింది, నర్సింగ్ చదువుతోంది, వేసవి క్లాసులకు వెళ్తోంది. మా సంగతి విని, “అంకుల్, పీడీఎఫ్ పంపొచ్చు కదా? చాలా ఈజీ,” అంది. మిసెస్ ఫిరి ఉత్తరం కాపీ నా సంచిలో ఉంది. తీసి ఇచ్చాను. క్లాసులో యాభై ఆరుగురు పిల్లలు, బెంచీకి ఇద్దరు, ఇరవై ఎనిమిది బెంచీలు, బెంచీకొక పుస్తకం కావాలి. కరెంటు సాయంత్రం పూట కాసేపే వస్తుంది. ఇప్పుడు అందరికీ కలిపి మూడు పుస్తకాలున్నాయి, అవీ మూడు రకాలు. చివర ఇలా రాశారు: “గొప్ప పుస్తకం కాకపోయినా సరే, అందరికీ ఒకటే పుస్తకం పంపండి. నేను పేజీ నంబరు చెబితే క్లాసంతా అదే పేజీ తెరవాలి.”

అమ్మాయి రెండుసార్లు చదివింది. “స్ట్రిక్ట్ మేడమ్, అంకుల్. నాకు నచ్చింది,” అంది. సరళ ఆమెకు పులిహోర పెట్టింది.

10.20కి గేల్స్‌బర్గ్. గోదాము స్టేషను నుంచి పన్నెండు నిమిషాల నడక. మేము దిగిన మోటెల్ ఆ దారిలోనే ఉంది. గది చిన్నది, శుభ్రంగా ఉంది, ఉదయం ఆరు నుంచే కాఫీ, టోస్టు ఇస్తారు. శాకాహారులు మధ్యాహ్నానికి ఏదైనా వెంట తెచ్చుకోవడం మంచిది.

గోదాముకు పెద్దయిన డోరతీ సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయింది. ఆమె చెయ్యి దాటకుండా ఏ పుస్తకమూ పెట్టెలోకి పోదు. ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, ఎదురుగా ఉన్నవారిని ఒకటే అడుగుతుంది: “మీ క్లాసులో అయితే దీన్ని ఇస్తారా?” ఆ గురువారం సాయంత్రం ఐదు దాకా ఆమె పక్కన నిలబడి పనిచేశాను. ఇప్పుడు లేని దేశాలున్న అట్లాసులు పనికిరాని కుప్పలోకి పోయాయి. కొత్తదానిలా మెరుస్తున్న ఇల్లినాయ్ చరిత్ర పుస్తకమూ అందులోకే పోయింది. ఇవ్వడంలో ఇంత నియమం నేనెక్కడా చూడలేదు. ఆ రాత్రి డైరీలో ఆ మాటే రాసుకున్నాను.

శుక్రవారం తొమ్మిదింటికి మా పెట్టెలు బల్ల మీదికి వచ్చాయి. మూత తీయగానే డోరతీ ఆగిపోయింది. ముప్పై నాలుగు పుస్తకాలకూ అట్టలున్నాయి. బడి తెరిచే ముందు అట్ట వేయనిదే పుస్తకం సంచిలో పెట్టనివ్వని తరం మాది. మా బేస్‌మెంటులో రెండు శనివారాలు ఆడవాళ్ళందరూ కూర్చుని, కిరాణా షాపుల కాగితపు సంచులు కోసి వేశారు. వాటి మీద చీటీలు అంటించి ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా నంబర్లు వేసింది నేను. అక్కడేమో ప్రతి పుస్తకం వెనక ఉన్న బార్‌కోడ్‌ను యంత్రానికి చూపించాలి.

రైల్వేలో పనిచేసి రిటైరైన వాల్టర్ కత్తి తీశాడు. సరళ అతని చెయ్యి ఆపి, గమ్ము లేదు, టేపు లేదు, అంతా మడతేనని ఒక అట్ట విప్పి చూపించింది. మొదటి మూడు పుస్తకాలు సజావుగా వెళ్ళాయి. నాలుగోదానికి యంత్రం వేరే పేరు చూపించింది. డోరతీ రెండో పేజీ తిప్పింది. అదే పుస్తకం, అదే రచయితలు, కానీ ఎడిషన్ వేరు. రెండింటినీ 84వ పేజీ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో కాంతి వక్రీభవనం, రెండోదానిలో స్ప్రింగుల లెక్కలు.

“మేడమ్ 84 అనగానే సగం క్లాసు వెలుతురులో ఉంటుంది, సగం క్లాసు స్ప్రింగుకు వేలాడుతుంది,” అన్నాడు వాల్టర్.

అన్నీ విప్పి చూస్తే ఒక రకం ఇరవై మూడు, ఇంకో రకం పదకొండు. పుస్తకాలు రెండు బళ్ళ నుంచి వచ్చాయని నాకు తెలుసు. లెక్క సరిపోయిందా అనే చూశాను.

“వాన ఎన్నింటికి మొదలైందో కూడా డైరీలో రాస్తారు. పుస్తకం రెండో పేజీ తిప్పలేదా?” అంది సరళ.

“నువ్వు అట్ట వేశాకే కదా నా చేతికొచ్చాయి.”

“అట్ట పైన ఉంటుందండీ. లోపలి పేజీలు నేనేం కుట్టెయ్యలేదు.”

అసలు ఏమీ లేనిదానికన్నా నయం కదా, రెండు రకాలూ కలిపి పంపేద్దామని డోరతీతో అన్నాను. “ఆవిడ ఏం అడిగిందో నిన్న మీరే నాకు చదివి వినిపించారు,” అందామె. అడిగినన్ని లేకపోతే ఆ పెట్టె ఆగిపోతుంది, అదీ వాళ్ళ పద్ధతి. తరువాతి కంటైనరు చలికాలంలో. ఇది సెప్టెంబరుకు చేరుతుంది, మిసెస్ ఫిరి కొత్త క్లాసు అప్పుడే మొదలవుతుంది. ఇది తప్పితే ఆ పిల్లలకు ఏడాదిలో సగం పోయినట్టే.

నలుగురం సైన్సు అలమరల మీద పడ్డాము. ఎనభై ఏళ్ళ వాల్టర్ నిచ్చెనెక్కి పై అరలు చూశాడు. డోరతీ తను పనిచేసిన బడికి ఫోను చేసింది. సెలవులు, ఎవరూ ఎత్తలేదు. పన్నెండింటికి మూడు దొరికాయి. మొత్తం ఇరవై ఆరు. రెండు తక్కువ.

12.15కి డోరతీ మలావికి వాట్సాప్ కాల్ చేసింది. అక్కడ రాత్రి ఏడుంబావు. జరిగింది దాచకుండా చెప్పింది. తప్పు నాదని నేనూ చెప్పాను.

“ఆ ఇరవై ఆరూ ఒకటేనా?” అని అడిగారు మిసెస్ ఫిరి.

“ఒకటే. ఒక్కొక్కటీ నేనే తెరిచి చూశాను,” అంది డోరతీ.

“అయితే పంపండి. మా పిల్లలు సన్నంగానే ఉంటారు. నాలుగు బెంచీల మీద ముగ్గురేసి కూర్చోబెడతాను.”

“మరి మీకు?”

“ముందు బెంచీ మీదికి వంగి చూసుకుంటాను. నాకు అలవాటే. ఆ పదకొండు మాత్రం వద్దు. ఇక్కడికొస్తే ఎవరికో ఒకరికి ఇవ్వాలనిపిస్తుంది.” ఫోను పెట్టబోతూ అట్టల సంగతి విని, వాటిని తీయవద్దన్నారు. అక్కడ ఎర్రమట్టి దుమ్ము ఎక్కువట.

ఇక గంటన్నర మిగిలింది. సరళ అట్టలు తిరిగి తొడగడం మొదలుపెట్టింది. కొత్తగా దొరికిన మూడింటిలో ఒకటి వాల్టర్ వేశాడు. అంచు వంకరగా ఉందని విప్పించి మళ్ళీ వేయించింది. నేను పాత చీటీల మీద కొత్తవి అంటించి, ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా, ఈసారి ప్రతిదానికీ రెండో పేజీ తిప్పి చూశాకే నంబరు వేశాను. 1.40కి మా పెట్టె ఎక్కింది. 2.05కి తలుపు మూసి సీలు వేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఫోటో తీయలేదు. డోరతీ చీపురు తీసుకుంది. మేమూ తలో చెయ్యి వేసి నేల ఊడ్చాము. మిగిలిన పదకొండింటినీ ఇంకో క్లాసుకని అలమరలో ఒక పక్కన పెట్టి ఆమె చీటీ అంటించింది: “క్లాసుకు ముప్పై లెక్కన పంతొమ్మిది తక్కువ.”

ఏడింటికి తిరుగు రైలు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పెరుగన్నం రైల్లోనే తిన్నాము. కిటికీ బయట మొక్కజొన్న చేలు, ఇంకా వెలుతురు ఉంది. నలభై ఏళ్ళు నీటి శుద్ధి ప్లాంట్లలో ఇంజనీరుగా పనిచేశాను. పనికిరాని నీటిని వదలకూడదని చాలామందికి చెప్పాను. చేతిలో ఉన్న పుస్తకాన్ని ఇవ్వకుండా ఆపడం కూడా అంత పనేనని గేల్స్‌బర్గ్‌లో తెలిసింది. వెళ్ళాలనుకునేవారు కంటైనరుకు సీలు వేసే శుక్రవారం కలిసొచ్చేలా వెళ్ళండి. మీరు పంపే పుస్తకాలను ముందు లోపల తెరిచి చూడండి.

ఇదంతా డైరీలో రాస్తుంటే పక్కన సరళ అరోరా ఆడవాళ్ళ గ్రూపుకు వాయిస్ మెసేజ్ పెడుతోంది.

“అందరూ వినండమ్మా. ఇంకా పంతొమ్మిది కావాలి. అట్టలు తర్వాత వేద్దాం, ముందు రెండో పేజీ ఫోటో తీసి నాకు పంపండి. అంకుల్‌కి పంపకండి, ఆయన నంబర్లు వేసేసుకుంటారు.”