చప్పట్లకు లేచిన గీత

మునినారాయణప్ప దేవనహళ్ళి మనిషి. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళుగా మెకానిక్కు. అక్కడ ఫ్యాను ఆగినా ఆయనే రావాలి, ప్రయోగం ఆగినా ఆయనే రావాలి. పని అయ్యాక మాత్రం ఆయన ఎవరో ఎవరికీ గుర్తుండదు.

మూడేళ్ళు కూర్చుని ఆయన ఒక పరికరం చేశాడు. కప్ప కాలి కండరంలోంచి తీసిన ఒకే ఒక్క పోగు, వెంట్రుకంత సన్నం, ఎంత బలంగా లాగుతుందో అది చూపాలి. పలచని ఉక్కు రేకు, దాని చివర కొక్కెం, కొక్కేనికి పోగు. పోగు లాగితే రేకు వంగుతుంది, తెర మీద గీత లేస్తుంది. కొలత సరిచూడటానికి చిక్కపేటలో జరీ కొనుక్కొచ్చి, చిన్న చిన్న ముక్కలు తూచి వేలాడదీసేవాడు. పక్కన ఎవరైనా తుమ్మారంటే పని మళ్ళీ మొదటికి.

ఆవిష్కరణ నాడు డైరెక్టర్ మోహన్‌కుమార్ గారు దాన్ని పెద్ద హాలుకు మార్పించారు. ఫోటోలు అక్కడ బాగా వస్తాయట. పరిశోధక విద్యార్థిని శశికళ పోగు తగిలించి, "ఇది గంటసేపే బతుకుతుంది సార్" అని చెప్పింది కూడా. దీపం, శాలువాలు, ఆపైన జీవశక్తి మీద డైరెక్టర్ గారి ప్రసంగం, అన్నీ కలిపి రెండున్నర గంటలు. జీవశక్తి మహిమ వింటూనే పోగు ప్రాణం విడిచింది.

పోగుకు కరెంటు తగిలించే స్విచ్చి నొక్కారు. గీత లేవలేదు. మర్యాద కోసం ముందు వరుస చప్పట్లు కొట్టింది. గీత ఎగిరింది! ఎగిరిందని హాలంతా కొట్టింది. గీత ఇంకా ఎగిరింది.

మునినారాయణప్ప ముందుకొచ్చాడు. చచ్చినదానికి బలం చూపిస్తే, రేపు అబద్ధాలకోరు అనిపించుకునేది తన పరికరమే.

"అందరూ ఒక్క నిమిషం గమ్మునుండండప్పా!" అని అరిచాడు.

హాలు బిత్తరపోయి ఊరుకుంది. గీత పడుకుంది.

"ఏమప్పా, నీ మిషన్ చెడిపోయిందే!" అన్నారు డైరెక్టర్ గారు.

"మిషన్ బాగానే ఉండాది సార్. పోగు సచ్చి గంట దాటింది. ఇంతసేపూ అది చూపించింది మీ చప్పట్లని."

"పెద్దోళ్ళ ముందర ఏం మాటలప్పా ఇవి? శశికళా, ఎగిరిన గీత సేవ్ చేసినావా?"

"సార్, అది..."

"చేసినావా లేదా చెప్పమ్మా."

వార్షిక నివేదిక అట్ట మీదికి ఆ గీతే ఎక్కింది. కింద డైరెక్టర్ గారి పేరు, అన్నిటికన్నా చివర మునినారాయణప్ప పేరు. అచ్చుకు వెళ్ళకముందే తన పేరు తీసెయ్యమని ఆయన అర్జీ రాసిచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పెట్టుకున్న ఏ అర్జీ కూడా నెలలోపు కదిలిన పాపాన పోలేదు. ఇది మాత్రం సాయంత్రానికల్లా మంజూరైంది.