లోపలి తలుపుకు కలిపిన వైరు

ఒక వైరు ముక్కను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. వేలెడంత కూడా ఉండదు. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బంగారం దుకాణాలకు జంట తలుపులు బిగించడం నా పని. ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. నడుమ మనిషి నిలబడేంత జాగా ఉంటుంది. దొంగ సొమ్ముతో ఉరికితే ఆ నడుమ చిక్కాల్సిందే. కరీంనగర్‌లో ఈ పని నా అంత బాగా చేసేవాడు లేడు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, నిజం అదే.

ఒక కొత్త దుకాణం. తెరిచే రోజు పూజ. వీధి గుమ్మం నుంచి లోపల లక్ష్మీదేవి పటం దాకా హారతి పళ్లెం ఆగకుండా పోవాలని సేటు తల్లి పట్టుబట్టింది. "అమ్మవారు లోపలికొస్తుంటే మొఖం మీద తలుపేస్తరా? గిదేం పద్ధతి బిడ్డా?" అంది. రెండూ ఒకేసారి తెరవాలంటే దారి ఒకటుంది. నిప్పంటుకుంటే నొక్కమని కాపలాదారు బల్ల కింద ఎర్ర బటన్ పెట్టాను. కానీ అది నొక్కితే సైరన్ మోగుతుంది. పూజలో సైరనా? ఛీ. నాకు రాని విద్యా ఇది? లోపలి తలుపు మూసి ఉందో లేదో చెప్పే సెన్సర్ దగ్గర చిన్న వైరు ముక్క కలిపాను. ఇక ఆ తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసే ఉందనుకుంటుంది మిషన్. హారతి సాఫీగా పోయింది. అందరూ శెభాష్ అన్నారు. పులిహోర తింటుండగా భైంసా నుంచి ఇంకో పనికి ఫోనొచ్చింది. బయల్దేరాను. వైరు తీయడం మరిచాను.

తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి కనుక చాలా నెలలు ఎవరూ కనిపెట్టలేదు. ఒక మధ్యాహ్నం ఎవడో నగల ట్రే ఎత్తుకుని ఉరికాడు. రెండు తలుపులూ తెరుచుకుని వాడికి దారిచ్చాయి. సైరన్ మోగలేదు. కాపలాదారు యూసుఫ్ భాయ్ ముందే సైరన్ వైరు పీకి, రెండు తలుపులూ తెరిచే ఆ ఎర్ర బటన్ నొక్కాడన్నారు. అక్కడ కూర్చునేది అతనొక్కడే.

మిషన్ చూడమని సేటు నన్ను పిలిచాడు. పెట్టె విప్పగానే నా వైరు కనబడింది. తీసి జేబులో వేసుకున్నాను. బటన్ నొక్కి చూశాను, సైరన్ బ్రహ్మాండంగా మోగింది. పీకినవాడే మళ్లీ పెట్టుంటాడన్నాడు సేటు. నేను పెట్టె మూసి స్క్రూలు బిగించాను.

యూసుఫ్ భాయ్ నా వెంట బయటిదాకా వచ్చాడు.

"తమ్మీ, కసమ్ సే, నేను బటన్ ముట్టలే. నీ మిషిన్ల తెలుస్తది గదా? జర సేటుకు చెప్పరాదు."

"మిషిన్ మంచిగనే ఉంది భాయ్. గంతకన్న నాకేం తెల్వదు."

భయపడ్డానా? లేదు. సేటు నన్ను తిడితే పడేవాణ్నే, నష్టం కట్టమంటే అప్పో సప్పో చేసి కట్టేవాణ్నే, కానీ నా తలుపు తప్పిందని పదిమంది అనుకోవడం నాకు ఇష్టం లేదు, ఆ ఇష్టం లేకపోవడం కోసమే ఒక మనిషిని దొంగను చేశాను. పేరు. అంతే. ఎంత సిగ్గుమాలిన పని!

రుజువు లేక కేసు కాలేదు. ఉద్యోగం మాత్రం పోయింది. అతను లక్సెట్టిపేటకు, సొంత గల్లీకి వెళ్లిపోయాడు. ఒకప్పుడు ఆ గల్లీవాళ్లు ఊరికి పోతే ఇంటి తాళంచెవి ఇతని చేతికే ఇచ్చేవాళ్లట. ఇప్పుడు ఎవరూ ఇవ్వరు. ఈ సంగతి అతనే చెప్పాడు, పోయినేడు ఆ ఊళ్లో పని పడి, కాళ్లు అటే లాగితే అతని ఇంటికి వెళ్లినప్పుడు. బలవంతంగా అన్నం పెట్టించాడు. ఆ దుకాణం నుంచి తనను చూడవచ్చినవాణ్ని నేనొక్కణ్నేనని, నేనైనా తనను నమ్మానని, నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆ అన్నం మెతుకు మిగల్చకుండా తిని వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. నాకు మాట దాటేయడం బాగా వచ్చు, కానీ ఇక్కడ దాటేయను. యూసుఫ్ భాయ్ దొంగ కాదు. ఆ తలుపులు తెరిచింది నేను. రాసేశాను, కొట్టేయను. గుండె కాస్త తేలికైంది. అతని చేతికి మాత్రం ఇంకా ఎవరూ తాళంచెవి ఇవ్వడం లేదు.