పైకి పాకే చారలు

సేదరపేట్ మిల్లులో దుప్పటిగుడ్డ యంత్రం మీద పక్కకే పోతుంది. నేతలో లోపాలు పట్టడానికి చెంగమ్మ కాపు కాసే నిలువు సందులోంచి చూస్తే మాత్రం దాని ఏటవాలు చారలు పైకి పాకుతున్నట్టే ఉంటాయి. ఏళ్ల తరబడి అదే చూసి చూసి కళ్లు గుంజుతున్నాయి. "నువ్వు పైకొస్తావు చెంగమ్మా" అని సూపర్‌వైజరు ఏటా అంటూనే ఉంటాడు.

ఆవేళ విసుగెత్తి, నుదుటి బొట్టుబిళ్ల పీకి గుడ్డకు అంటించింది. అది నేరుగా పక్కకు పోయింది. దాంతో చారలూ పక్కకే పోతున్నట్టు కనబడ్డాయి.

లాస్‌పేట కాలేజీలో చదివే మేనకోడలు ప్రీతికకు సాయంత్రం ఆ సంగతి చెప్పింది.

"చారకు చివర కనబడకుంటే మెదడుకు అసలు దిక్కు తెలీదత్తా, సందు నిలువుగా ఉంటే పైకే పోతా ఉందనుకుంటాది. ఒక చుక్క చిక్కిందంటే దాన్నిబట్టి తేల్చుకుంటాది," అంది ప్రీతిక.

చెంగమ్మ బోసి నుదురు తడుముకుంది.

"నేనూ పైకి పోతా ఉండాననే అనుకుంటి పాపా. ఆ సందు కాడే ఉండా."