దారికి అడ్డం పెట్టిన కొమ్మ

పచ్చి కొమ్మ ఒకటి ఎంత బరువుంటుంది? ఒంటిచేత్తో ఎత్తి పారేశాను నేను. ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మణుగూరు అవతలి అడవిలో పట్నం వాళ్లను గుర్రాల మీద తిప్పే పని పెట్టుకున్నాను. దారులు నేను కాగితం మీద గీసేవాణ్ణి. నిజంగా తెలిసినవాడు సోమయ్య. పక్క గూడెం మనిషి, గుర్రాలను సాకేదీ అతనే. వానాకాలంలో మా పద్ధతి ఒకటే. తెల్లవారగానే సోమయ్య వాగు చూసి వస్తాడు. దాటలేమనిపిస్తే దారికి అడ్డంగా పచ్చి కొమ్మ పెట్టి, పైన, వాగు వెడల్పై లోతు తగ్గే రేవు దగ్గర మా కోసం కాచుకుని ఉంటాడు. ఆ అడవిలో కొమ్మ కనిపిస్తే ఎవరైనా వెనక్కి తిరగాల్సిందే.

ఆ రోజు కొమ్మ ఉంది. తునికి కొమ్మ. విరిచిన చోట ఇంకా తడిగా ఉంది. అతిథులు నలుగురూ మలుపు అవతలే ఉన్నారు, ముసురుకు విసుక్కుంటూ. పైరేవు మీదుగా పోతే రెండు గంటలు ఎక్కువ. ముందుకు వెళ్లి వాగు చూశాను. మోకాలి లోతే అనిపించింది. పైన కొండల్లో ఎంత వాన పడిందో నాకేం తెలుసు? తెలిసినవాడు చెప్పనే చెప్పాడు కదా, కొమ్మ పెట్టి! అయినా గుర్రం దిగి, దాన్ని పొదల్లోకి విసిరేశాను.

మేం నడివాగులో ఉండగా నీళ్లు ఎర్రగా ఒక్కసారి పొంగాయి. చివరి గుర్రం రాణికి పట్టు తప్పింది. దాని మీదున్న అమ్మాయి ఒక చెట్టు వేరు పట్టుకుని వేలాడింది. పైరేవు నుంచి మాకు ఎదురొస్తున్న సోమయ్య కేకలు విని పరుగున వచ్చి, దూకి ఆమెను ఒడ్డుకు లాగాడు. అతను చేతులారా పెంచిన రాణి మాత్రం కొట్టుకుపోయింది.

తర్వాత అందరి ముందూ అడిగాడు.

"సారూ, పొద్దుగాల కొమ్మ అడ్డం పెట్టిన గద. చూడలేదా?"

"ఏ కొమ్మా లేదు సోమయ్యా."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తన చేతులవైపు చూసుకున్నాడు.

"గట్లనా? పెట్టిననే అనుకుంటున్న... మీరెందుకు అబద్ధం చెప్తరు సారూ."

నన్ను నమ్మి, తనను తాను అనుమానించుకున్నాడు. గూడెంలోనూ అదే మాట నిలిచింది, సోమయ్య కొమ్మ పెట్టడం మరిచిపోయాడని. ఆ తర్వాత వాగు చూసి రమ్మని అతన్ని ఎవరూ పంపలేదు. నేనూ పంపలేదు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? పరువు అనుకున్నాను, అతిథుల భయం అనుకున్నాను, ఏళ్ల తరబడి పిరికితనానికి మంచి మంచి పేర్లు పెట్టుకుంటూ వచ్చాను.

గుర్రాలు అమ్మేశాక చాలాకాలానికి, ఒక వానాకాలంలో అటు వెళ్లాను. సోమయ్య ముసలివాడయ్యాడు. వాగు దాకా తోడొచ్చాడు. వాగు పారుతోంది. కొమ్మ విరిచి దారికి అడ్డం పెట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూసుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ చూసుకున్నాడు. చివరికి నన్నే అడిగాడు.

"ఉంది గద సారూ?"

"ఉంది" అన్నాను.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది న్యాయం కాదని తెలుసు. అయినా ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ రోజూ కొమ్మ ఉంది. తీసింది నేను.